మిక్సింగ్ కంప్యూటర్‌లో ఏ డ్రైవ్‌లో ఏముండాలి?

క్లుప్తంగా

విండోస్‌కు ఒక డ్రైవ్, కెమెరా ఫుటేజీకి ఒకటి, క్యాష్‌కు (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేగం కోసం తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లకు) ఒకటి, ఎక్స్‌పోర్ట్‌కు (తయారైన తుది వీడియోకు) ఒకటి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ కంప్యూటర్ గురించి తరచూ వినిపించే ఈ సూత్రం హార్డ్ డిస్క్‌ల కాలంలో పుట్టింది. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌లు వచ్చాక అందులోని వేగం కారణం చాలావరకు చెల్లిపోయింది. డ్రైవ్‌లను విడదీయాల్సిన అవసరం మాత్రం ఇంకా ఉంది. పోతే తిరిగి రాని డేటాను, పోయినా మళ్లీ తయారయ్యే డేటాను ఒకే చోట కలిపి ఉంచకుండా చూడటమే ఇప్పుడు దాని ప్రయోజనం. ఎన్ని డ్రైవ్‌లు కొనాలి, ఎలాంటివి కొనాలి అన్నది ఈ తేడా నుంచే తేలుతుంది.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లోని మిక్సింగ్ యూనిట్లలో రాత్రిళ్లు లైట్లు ఆరవు. ఒక పెళ్లి ఫుటేజీ కంప్యూటర్‌లోకి ఎక్కుతుండగానే ఇంకో పెళ్లి కార్డులు టేబుల్ మీదికి వస్తాయి. సరిగ్గా అప్పుడే సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తుంది. టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చి చూసుకునే చోటు) ఆగి ఆగి నడుస్తుంది. నిన్నటిదాకా బాగానే తెరుచుకున్న ప్రాజెక్టు ఇవాళ ‘మీడియా ఆఫ్‌లైన్’, అంటే ఫుటేజీ దొరకడం లేదు, అంటుంది.

ఈ ఇబ్బంది పాతదే. ఈమధ్య మళ్లీ చర్చకు రావడానికి రెండు కారణాలున్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను మార్చాల్సిన పరిస్థితి చాలా యూనిట్లకు వచ్చింది. అదే సమయంలో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమొరీ చిప్‌ల ధరలు పెరిగి, ర్యామ్‌తో పాటు ఎస్‌ఎస్‌డీలూ ప్రియమయ్యాయి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవారికి ఇప్పుడు ఎదురవుతున్న ప్రశ్నలు ఇవి: ఉన్న డబ్బుతో ఒకే పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనాలా, రెండు చిన్నవి కొనాలా, పాత హార్డ్ డిస్క్‌లను ఏం చేయాలి? దుకాణంలో ఒకరు ఒకటి చెబితే యూట్యూబ్‌లో ఇంకొకరు ఇంకోటి చెబుతారు. వాళ్లలో ఎవరూ తప్పు చెప్పడం లేదు, కాకపోతే ఆ సలహాలు వేర్వేరు కాలాల యంత్రాలకు సంబంధించినవి.

నాలుగు డ్రైవ్‌ల సూత్రం ఎక్కడిది?

హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక చేయి అటూ ఇటూ కదులుతూ డేటాను చదువుతుంది, రాస్తుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన వరుస దగ్గరికి చేయి చేరడానికి సగటున మరో 8, 9 మిల్లీసెకన్లు. ఆ తర్వాత కావాల్సిన ముక్క చేయి కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి. అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతిన ప్రతిసారీ 12 మిల్లీసెకన్ల పైచిలుకు పోతుంది. సెకనుకు సుమారు 80 గంతులకు మించి సాధ్యం కాదు. వరుసగా ఒకే పెద్ద ఫైలు చదివితే ఇదే డిస్క్ సెకనుకు 150 నుంచి 250 మెగాబైట్లు ఇస్తుంది. చిన్న చిన్న ముక్కల కోసం అటూ ఇటూ తిప్పితే వేగం నాలుగైదు మెగాబైట్లకు, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది.

ఎడిటింగ్‌లో పని అంతా ఇలా గెంతడమే. టైమ్‌లైన్ నడుస్తున్నంతసేపూ ఒకవైపు రెండు మూడు కెమెరాల ఫుటేజీ చదవాలి, ఇంకోవైపు పాట ఫైలు చదవాలి, క్యాష్ రాయాలి, మధ్యలో విండోస్ తన పనులు తాను చేసుకుంటుంది. అన్నిటికీ ఒకే చేయి ఉంటే అది పరుగులు పెట్టడంలోనే అలసిపోతుంది. అందుకే ఆ రోజుల్లో ఒక్కో పనికి ఒక్కో డిస్క్ పెట్టమన్నారు. నాలుగు డిస్క్‌లంటే నాలుగు చేతులు. ఆ యంత్రానికి ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైనది.

ఆ సలహాను తప్పుగా అర్థం చేసుకున్నచోట మాత్రం ఫలితం రాలేదు. ఒకే హార్డ్ డిస్క్‌ను సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు పార్టిషన్లు చేసి, ఫుటేజీ డిలో, క్యాష్ ఇలో పెట్టే అలవాటు ఇప్పటికీ చాలా కంప్యూటర్లలో కనిపిస్తుంది. ఒకే బోరుకు నాలుగు పైపులు బిగిస్తే నీళ్లు నాలుగింతలు కావు. పైగా పార్టిషన్లు డిస్క్‌లో వేర్వేరు ప్రాంతాల్లో ఉంటాయి కాబట్టి చేయి ఇంకా ఎక్కువ దూరం గెంతాల్సి వస్తుంది. డిస్క్ పాడైతే నాలుగు అక్షరాలూ ఒకేసారి పోతాయి. అక్షరాలు వేరైనంత మాత్రాన డ్రైవ్‌లు వేరు కావు.

ఎస్‌ఎస్‌డీలో చేయి లేదు, పళ్లెం లేదు. ఎక్కడి ముక్కనైనా మిల్లీసెకనులో పదో వంతు సమయంలోనో అంతకంటే తక్కువలోనో అందుకుంటుంది. సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. మదర్‌బోర్డు మీద నేరుగా గుచ్చే ఎన్‌వీఎంఈ రకం పీసీఐఈ (డ్రైవ్‌కు, మదర్‌బోర్డుకు మధ్య డేటా నడిచే దారి) మూడో తరంలో 3500, నాలుగో తరంలో 7000 మెగాబైట్ల వరకు వెళుతుంది. నాలుగు పనులు ఒకేసారి అప్పగించినా తడబడదు. కాబట్టి ‘వేగం కోసం నాలుగు డ్రైవ్‌లు’ అన్న మాటకు ఎన్‌వీఎంఈ ఉన్న కంప్యూటర్‌లో పెద్దగా అర్థం లేదు.

ఫుటేజీ నిజంగా ఎంత వేగం అడుగుతుంది?

ఈ లెక్క ఒకసారి వేసుకుంటే అనవసరపు ఖర్చు చాలా తగ్గుతుంది. కెమెరా మెనూలో కనిపించే 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. గంటకు 45 గిగాబైట్లు. నాలుగు కెమెరాల ఫుటేజీని ఒకేసారి మల్టీకామ్‌లో నడిపినా సెకనుకు 50 మెగాబైట్లే కావాలి. ఇది ఏడువేల మెగాబైట్ల ఎన్‌వీఎంఈకి ఒక మూలకు రాదు, సాటా ఎస్‌ఎస్‌డీలో పదో వంతు కూడా కాదు.

అయినా టైమ్‌లైన్ ఎందుకు ఆగుతుంది? కెమెరాలు హెచ్ 264, హెచ్ 265 పద్ధతుల్లో రికార్డు చేస్తాయి. ఇందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. కొన్ని ఫ్రేములు మాత్రమే పూర్తిగా ఉంటాయి, మిగతావి పక్క ఫ్రేములతో పోలిస్తే మారిన మేరకే దాచుకుంటాయి. టైమ్‌లైన్ మీద ఒక చోట క్లిక్ చేస్తే, ఆ ఫ్రేమును చూపడానికి కంప్యూటర్ వెనక్కి వెళ్లి దగ్గర్లోని పూర్తి ఫ్రేము నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. ఆ భారమంతా ప్రాసెసర్ మీద, గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో వచ్చే, రంగుల వివరం ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 ఫుటేజీ ఇంకా బరువైనది. 2025లో 50 సిరీస్ వచ్చేదాకా ఎన్‌విడియా జీఫోర్స్ కార్డులకు ఆ రకాన్ని హార్డ్‌వేర్‌లో విప్పే సౌకర్యమే లేదు. అలాంటి కంప్యూటర్‌లో ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ వేసినా టైమ్‌లైన్ తీరు మారదు, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన నకళ్లు) చేసుకుంటే మారుతుంది.

దోషం ఎక్కడుందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. టైమ్‌లైన్ తడబడుతున్నప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీ చూడాలి. డిస్క్ 100 శాతం చూపిస్తుంటే తప్పు డ్రైవ్‌ది. డిస్క్ పది శాతంలో ఉండి ప్రాసెసరో గ్రాఫిక్స్ కార్డు వీడియో డీకోడో నిండిపోతే, కొత్త డ్రైవ్ కొనడం వృథా. డ్రైవ్ మార్పించుకోవాలని నిర్ణయించుకునే ముందు ఈ ఒక్క పరీక్ష చేయడం ఎంతో అవసరం.

డ్రైవ్ వేగం నిజంగా కావాల్సిన ఫుటేజీ లేకపోలేదు. వీడియోను తక్కువగా కుదించే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ పద్ధతిలో తీసిన 4కే వీడియో సెకనుకు 30 ఫ్రేముల దగ్గర 880 మెగాబిట్ల పైన, అంటే ఒక్క కెమెరాకే సెకనుకు 110 మెగాబైట్లు అడుగుతుంది. గంటకు దాదాపు 400 గిగాబైట్లు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో జానపద పాటల చిత్రీకరణ ఎక్కువగా చేసేవారికి ఎప్పుడో ఒకసారి ఇలాంటి ఫుటేజీ వస్తుంటుంది. రెండు కెమెరాలైతే హార్డ్ డిస్క్ చేతులెత్తేస్తుంది, సాటా ఎస్‌ఎస్‌డీ ఇబ్బంది లేకుండా లాగుతుంది.

ఎక్స్‌పోర్ట్ విషయంలో చాలామందికి ఉన్న అంచనా అసలు లెక్కకు చాలా దూరంగా ఉంటుంది. తుది వీడియో 50 మెగాబిట్లలో వస్తోందనుకుంటే డ్రైవ్ మీద పడే రాత సెకనుకు 6 మెగాబైట్లు. వీడియో నిడివిలో సగం సమయానికే ఎక్స్‌పోర్ట్ పూర్తయ్యే వేగవంతమైన కంప్యూటర్‌లోనూ 12, 13 మెగాబైట్లే. ఇరవై ఏళ్ల కిందటి హార్డ్ డిస్క్ కూడా దీన్ని రాసేస్తుంది. ఎక్స్‌పోర్ట్ కోసం ప్రత్యేకంగా ఎన్‌వీఎంఈ పెట్టినందువల్ల ఒక్క నిమిషం కూడా కలిసిరాదు.

పోయినా మళ్లీ వచ్చేవి, పోతే రానివి

వేగం లెక్క ఇలా తేలిపోయాక అసలు విషయం మిగులుతుంది. మిక్సింగ్ కంప్యూటర్‌లో ఉండే డేటా అంతా ఒకే విలువ ఉన్నది కాదు.

ఎదురుకోళ్లు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్. ఇవి ఒక్కసారే జరుగుతాయి. కెమెరా కార్డు నుంచి వచ్చిన ఒరిజినల్ ఫుటేజీ పోతే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తయారుచేయలేదు. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలు పరిమాణంలో కొద్ది మెగాబైట్లే, కానీ అందులో పది పదిహేను రోజుల పని ఉంటుంది. అది పోతే మళ్లీ చేయొచ్చు, కానీ ఆ పదిహేను రోజుల కూలీ ఎవరూ ఇవ్వరు. ఎక్స్‌పోర్ట్ అయిన వీడియో పోతే ఒక రాత్రి కంప్యూటర్ నడిపితే మళ్లీ వస్తుంది. ప్రాక్సీలు, క్యాష్, ఆడియో వేవ్‌ఫామ్ ఫైళ్లు పోతే సాఫ్ట్‌వేర్ తనంతట తానే చేసుకుంటుంది. విండోస్, ప్రోగ్రాములు పోతే ఒక పూట ఇన్‌స్టాలేషన్ పని.

చిత్రమేమిటంటే, చాలా కంప్యూటర్లలో అమరిక ఈ విలువలకు తలకిందులుగా ఉంటుంది. అత్యంత వేగమైన, కొత్తదైన డ్రైవ్‌లో విండోస్ ఉంటుంది, దాని పక్కనే క్యాష్ పేరుకుంటుంది. ఒకే ఒక్క కాపీగా ఉన్న పెళ్లి ఫుటేజీ ఆరేడేళ్ల పాత హార్డ్ డిస్క్‌లో ఉంటుంది.

క్యాష్ ఎక్కడ చేరుతుందో తెలియకపోవడం సి డ్రైవ్ నిండడానికి ప్రధాన కారణం. అడోబీ ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన మీడియా క్యాష్‌ను, మనం మార్చకపోతే, సి డ్రైవ్‌లోని యూజర్ ఫోల్డర్ లోపల ఎక్కడో దాస్తుంది. ప్రాజెక్టును డి డ్రైవ్‌లో పెట్టినా, ఫుటేజీ ఇలో ఉన్నా, క్యాష్ మాత్రం సికే వెళుతుంది. పాత పెళ్లిళ్ల క్యాష్ పోగై పదుల గిగాబైట్లు తింటుంది. ప్రిఫరెన్సెస్‌లోని మీడియా క్యాష్ పేజీలో చోటు మార్చి, ఇన్ని రోజులు దాటినవి తొలగించమని ఒకసారి చెబితే ఈ బెడద తీరుతుంది. ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దావిన్చీ రిసాల్వ్‌లో మీడియా స్టోరేజీ జాబితాలో మొదట ఉన్న చోటికే క్యాష్ వెళుతుంది. ఎడియస్ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ ఫైళ్లు ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే చేరతాయి, కాబట్టి అక్కడ ప్రాజెక్టు ఎక్కడ సృష్టించామన్నదే ముఖ్యం.

రిసాల్వ్ వాడేవారు తెలుసుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. అందులో ప్రాజెక్టు విడి ఫైలుగా కనబడదు. అదొక డేటాబేస్‌లో ఉంటుంది, ఆ డేటాబేస్ మామూలుగా సి డ్రైవ్‌లో ఉంటుంది. ఫుటేజీ అంతా వేరే డ్రైవ్‌లో భద్రంగా ఉందన్న ధీమాతో విండోస్‌ను ఫార్మాట్ చేయిస్తే ప్రాజెక్టులన్నీ పోతాయి. ఫార్మాట్‌కు ముందు ప్రాజెక్టులను విడి ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. రోజువారీగా ప్రాజెక్టు బ్యాకప్ ఆప్షన్ ఆన్ చేసి, దాని చోటును వేరే డ్రైవ్‌కు మార్చాలి. ప్రీమియర్‌లో ఆటోసేవ్ ఫోల్డర్ ప్రాజెక్టు పక్కనే ఏర్పడుతుంది. డ్రైవ్ పోతే రెండూ పోతాయి కాబట్టి రోజు చివర ప్రాజెక్టు ఫైలు ఒక్కటైనా పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో వెళ్లాలి. కొద్ది మెగాబైట్లే కాబట్టి దీనికి సాకు చెప్పే వీలు లేదు.

రెండు డ్రైవ్‌లుంటే ఇలా, మూడుంటే ఇలా

ఒక పెళ్లికి మూడు కెమెరాలు, ఒక్కోటి నాలుగు గంటలు, 100 మెగాబిట్లు అనుకుంటే ఫుటేజీ 540 గిగాబైట్లు. వన్ టీబీ (టెరాబైట్) డ్రైవ్‌లో విండోస్ చూపే చోటు 931 గిగాబైట్లు, అందులో 15 శాతమైనా ఖాళీగా ఉంచాలి. అంటే వన్ టీబీ ఎస్‌ఎస్‌డీలో ఒక పెళ్లి పడుతుంది, రెండోది పట్టదు. పరిమాణం నిర్ణయించేటప్పుడు ఒకేసారి ఎన్ని పెళ్లిళ్లు టేబుల్ మీద ఉంటాయన్నదే కొలత.

తక్కువ ఖర్చులో వచ్చే అమరిక: 500 గిగాబైట్ల ఎన్‌వీఎంఈలో విండోస్, ప్రోగ్రాములు, క్యాష్, 4 టీబీ హార్డ్ డిస్క్‌లో ఫుటేజీ, ఎక్స్‌పోర్ట్‌లు, ఆ ఫుటేజీ రెండో కాపీకి బయట తగిలించే ఇంకో హార్డ్ డిస్క్. ఇందులో క్యాష్, విండోస్ ఒకే చోట ఉన్నా నష్టం లేదు, రెండూ పోయినా తిరిగి వచ్చేవే. ఫుల్ హెచ్‌డీ పనికి, ఒకటి రెండు కెమెరాల 4కే పనికి ఇది చాలు. హార్డ్ డిస్క్ నిండేకొద్దీ డేటా పళ్లెం లోపలి వరుసలకు చేరి వేగం సగానికి పడుతుందన్నది గుర్తుంచుకోవాలి. అందుకే 80 శాతం దాటనివ్వకూడదు.

కాస్త వెసులుబాటు ఉంటే రెండో ఎస్‌ఎస్‌డీ కొని నడుస్తున్న పెళ్లిళ్ల ఫుటేజీని దానిలోకి మార్చాలి, క్యాష్‌ను కూడా విండోస్ డ్రైవ్ నుంచి తీసి దానిలోనే ఒక ఫోల్డర్‌కు పంపొచ్చు. అప్పుడు విండోస్ ఫార్మాట్ చేయాల్సివచ్చినా పని ఆగదు. ఎక్స్‌పోర్ట్‌లు, పూర్తయిన పెళ్లిళ్లు హార్డ్ డిస్క్‌లోకి వెళతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో జరిగే పని స్థాయికి ఇది అన్నివిధాలా సరిపడే అమరిక. ఒకే 2 టీబీ ఎన్‌వీఎంఈ కన్నా రెండు వన్ టీబీలు మేలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది: వేగంలో తేడా తెలియదు, కానీ ఒకటి చెడిపోయిన రోజు రెండోది పని నడిపిస్తుంది.

ఎస్‌ఎస్‌డీ రకాల్లో తేడా కొనేటప్పుడే చూసుకోవాలి. ఒక్కో కణంలో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకం చవక. మొదట కొన్ని పదుల గిగాబైట్లు మెరుపులా రాస్తుంది. లోపలి తాత్కాలిక చోటు నిండాక కొన్ని మోడళ్లలో వేగం సెకనుకు 100 మెగాబైట్ల దరిదాపుకు, హార్డ్ డిస్క్ కంటే కిందికి జారుతుంది. మూడు బిట్ల టీఎల్‌సీ రకం ఇంత దారుణంగా పడిపోదు. పెళ్లి ఫుటేజీ లాంటి పెద్ద రాతలకు టీఎల్‌సీయే తగినది. రాసి రాసి ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం మాత్రం అతిగా ప్రచారమైంది. వన్ టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లకు 600 టెరాబైట్ల రాత దాకా వారంటీ ఇవ్వడం మామూలు. పెళ్లికి క్యాష్‌తో కలిపి 800 గిగాబైట్లు రాసినా 750 పెళ్లిళ్లు అవుతాయి.

ఒకటికి మించిన డ్రైవ్‌లను కలిపి ఒకటిగా వాడే రెయిడ్ పద్ధతి గురించి ఒక మాట. రెండు డ్రైవ్‌లను రెయిడ్ 0లో కలిపితే వేగం పెరుగుతుంది, ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది. వేగం ఎస్‌ఎస్‌డీతోనే దొరుకుతున్నప్పుడు ఈ ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు? రెయిడ్ 1 రెండో కాపీ ఉంచుతుంది కానీ పొరపాటున డిలీట్ చేస్తే రెండింటిలోనూ డిలీట్ అవుతుంది. అది బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు.

కార్డు ఖాళీ చేసే పూట

ఫుటేజీ పోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది డ్రైవ్ పాడైన రోజు కాదు, కార్డు ఖాళీ చేసే అర్ధరాత్రి. బరాత్ ముగిసి రెండింటికి వచ్చిన మనిషి నిద్రమత్తులో ఈ పని చేస్తాడు. రెండు కెమెరాలూ ఒకే కంపెనీవైతే ఫైళ్ల పేర్లూ ఒకేలా ఉండొచ్చు. ట్రెడిషనల్ కెమెరాలో సి0047 ఉంటుంది, క్యాండిడ్ కెమెరాలోనూ సి0047 ఉంటుంది. మొదటి కార్డును ‘పెళ్లి’ అన్న ఫోల్డర్‌లో పోసి, రెండోదాన్నీ అందులోనే పోస్తే విండోస్ అడుగుతుంది: ఇదే పేరుతో ఫైళ్లున్నాయి, రీప్లేస్ చేయాలా? మత్తులో రీప్లేస్ నొక్కితే తలంబ్రాల షాటు మీద భోజనాల షాటు కూర్చుంటుంది. కార్డు ఫార్మాట్ అయిపోయి మర్నాడు ఇంకో పెళ్లికి వెళ్లాక గాని సంగతి బయటపడదు.

కార్డుకో ఫోల్డర్ పెట్టుకుంటే ఈ ముప్పు ఉండదు. తేదీ ముందు, ఊరు తర్వాత, కెమెరా, కార్డు నంబరు చివర: 2026-02-19, దేవరకొండ, కెమెరా ఏ, కార్డు 1. తేదీని ఏడాదితో మొదలుపెడితే ఫోల్డర్లు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. పెళ్లికొడుకు పేరుతో పెడితే ఒకే పేరు ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. కార్డులోని ఫోల్డర్లను విప్పి వీడియోలు మాత్రమే ఏరుకోకుండా, మొత్తం కార్డును ఉన్నదున్నట్టు కాపీ చేయాలి.

సమయం లెక్కా చూడాలి. 128 గిగాబైట్ల కార్డును సెకనుకు 90 మెగాబైట్లు ఇచ్చే యూఎస్‌బీ 3 రీడర్‌తో ఖాళీ చేస్తే సుమారు 24 నిమిషాలు. అదే రీడర్‌ను తెలియక యూఎస్‌బీ 2 పోర్టులో గుచ్చితే గంట. మూడు కార్డులుంటే తెల్లవారుతుంది, అప్పుడు రెండో కాపీ తీసే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి పాతిక వేల ఎస్‌ఎస్‌డీ కన్నా ముందు మంచి కార్డ్ రీడర్, సరైన పోర్టు చూసుకోవడం తెలివైన పని. కాపీ అయ్యాక సరిచూసే సౌకర్యం టెరాకాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది, రిసాల్వ్‌లోని క్లోన్ టూల్ కూడా ఆ పని చేస్తుంది. రెండు వేర్వేరు డ్రైవ్‌లలో కాపీలు సరిచూసేదాకా కార్డును ఫార్మాట్ చేయకూడదు.

‘మీడియా ఆఫ్‌లైన్’ సమస్యకు కారణం చాలాసార్లు డ్రైవ్ అక్షరమే. బయటి హార్డ్ డిస్క్‌కు విండోస్ ఇవాళ ఇ అక్షరం ఇస్తే, రేపు పెన్‌డ్రైవ్ ముందే గుచ్చి ఉంటే ఎఫ్ ఇస్తుంది. ప్రాజెక్టు మాత్రం ఇలోనే వెతుకుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్క్‌కు ఎం, పి లాంటి దూరపు అక్షరం స్థిరంగా ఇచ్చేస్తే మళ్లీ మళ్లీ రీలింక్ చేసే పని తప్పుతుంది.

మదర్‌బోర్డులోని మెలిక

కొత్త ఎన్‌వీఎంఈ వేశాక పాత హార్డ్ డిస్క్ కనబడటం లేదన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. హార్డ్ డిస్క్ పాడైందని దాన్ని పక్కన పడేసినవారూ ఉన్నారు. చాలా బోర్డుల్లో ఎన్‌వీఎంఈ గుచ్చే రెండో ఎం.2 స్లాటు, కొన్ని సాటా పోర్టులు ఒకే దారిని పంచుకుంటాయి. స్లాటు నిండితే ఆ పోర్టులు పనిచేయడం ఆగిపోతాయి. కేబుల్‌ను ఇంకో సాటా పోర్టుకు మారిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. ఏ పోర్టులు ఆగుతాయో బోర్డు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే మొదటి స్లాటును ఫుటేజీ డ్రైవ్‌కు ఇచ్చి, విండోస్‌ను రెండోదానిలో పెట్టినా ఏ నష్టమూ లేదు.

ఎండ, కరెంటు

మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడల్లో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరడం మామూలే. డాబా పై అంతస్తు గదిలో, ఏసీ లేకుండా, మూసిన క్యాబినెట్ లోపల వేడి అంతకన్నా ఎక్కువ. హార్డ్ డిస్క్‌లు సాధారణంగా 60 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతాయి. గ్రాఫిక్స్ కార్డు కింద ఇరుక్కున్న ఎన్‌వీఎంఈ 70, 80 డిగ్రీలు దాటితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం నెమ్మదించి, రాత్రి మామూలుగా నడిచే కంప్యూటర్‌లో మొదట అనుమానించాల్సింది ఇదే. హీట్‌సింక్ బిగించడం, ముందు ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులపడం కొత్త డ్రైవ్ కన్నా చవక. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి డ్రైవ్ వేడినీ, ఆరోగ్యాన్నీ చూపుతుంది. హార్డ్ డిస్క్‌కు అందులో పసుపు రంగు వస్తే ఆ రోజే డేటా బయటికి తీయాలి.

గాలివానకు కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైలు సగంలో ఆగుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల అమరిక పద్ధతికి అలాంటి సందర్భంలో తేరుకునేందుకు ఒక చిట్టా ఉంటుంది. కెమెరా కార్డుల్లో, మ్యాక్‌లోనూ నడవాలని ఫార్మాట్ చేసిన బయటి డిస్క్‌లలో ఉండే ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిట్టా లేదు. విండోస్ ఒక్కటే వాడే యూనిట్‌లో బయటి డిస్క్‌లకూ ఎన్‌టీఎఫ్‌ఎస్ మేలు. ఇన్వర్టర్ ఉన్నా, మారే క్షణంలో కంప్యూటర్ ఆరిపోతుంటే యూపీఎస్ వేరుగా ఉండాల్సిందే.

ఆషాఢంలో చేయాల్సిన పని

ముహూర్తాలు లేని ఆషాఢం, మూఢం రోజులు డ్రైవ్‌లు సర్దుకోవడానికి దొరికే సమయం. పూర్తయిన పెళ్లిళ్లను దాచే చోటుగా ఎస్‌ఎస్‌డీ పనికిరాదు. ఎస్‌ఎస్‌డీలో డేటా విద్యుదావేశం రూపంలో ఉంటుంది, కరెంటు తగలకుండా ఉంచితే అది మెల్లగా కారిపోతుంది. వారంటీ మేరకు పూర్తిగా అరిగిన మామూలు ఎస్‌ఎస్‌డీ, 30 డిగ్రీల దగ్గర, కరెంటు లేకుండా ఒక ఏడాది డేటా నిలపాలన్నది మెమొరీ చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ పెట్టిన ప్రమాణం. కొత్త డ్రైవ్‌లు ఇంకా ఎక్కువ కాలం నిలుపుతాయి, వేడి పెరిగితే ఆ కాలం తగ్గుతుంది. మన ఎండాకాలంలో ఇనుప బీరువాలో వేసే డేటాకు హార్డ్ డిస్కే తగినది.

హార్డ్ డిస్క్‌లోనూ రెండు రకాలున్నాయి. పెంకుల్లా వరుసలను ఒకదాని మీద ఒకటి కప్పుతూ రాసే ఎస్‌ఎంఆర్ రకం, పాత రాత మీద మళ్లీ రాయాల్సి వస్తే బాగా నెమ్మదిస్తుంది. ఒకసారి రాసి దాచుకోవడానికి అది సరిపోతుంది, రోజూ ఎడిటింగ్ చేసే డిస్క్‌గా పనికిరాదు. జేబులో పట్టే పోర్టబుల్ డిస్క్‌లలో ఎక్కువ ఈ రకమే. పెళ్లి సీజన్‌లో పోర్టబుల్ డిస్క్ నుంచే నేరుగా ఎడిటింగ్ చేసేవారికి వచ్చే ఇబ్బందుల్లో కొన్నిటికి మూలం ఇది.

ఒక కాపీ యూనిట్‌లో ఉంటే రెండోది ఇంట్లో ఉండాలి. ఒకే బీరువాలో రెండు డిస్క్‌లు పెడితే దొంగతనానికైనా నిప్పుకైనా రెండూ కలిసే పోతాయి. క్లౌడ్‌లో దాచొచ్చు కదా అంటే, 540 గిగాబైట్లను 100 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపడానికి ఎక్కడా ఆగకపోతే 12 గంటలు పడుతుంది. ఫుటేజీకి కాకపోయినా తుది వీడియోకు, ప్రాజెక్టు ఫైలుకు ఆ దారి బాగుంటుంది. ప్రతి డిస్క్‌కు ఒక నంబరు అతికించి, ఏ నంబరులో ఏ పెళ్లిళ్లున్నాయో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే, మూడేళ్ల తర్వాత ఎవరో వచ్చి మా అమ్మాయి అప్పగింతలు మళ్లీ కావాలన్నప్పుడు పది డిస్క్‌లు తిప్పే పని ఉండదు. ఎంతకాలం దాచి ఉంచుతామో అడ్వాన్సు తీసుకునే రోజే బిల్లు మీద రాసి ఇవ్వడం ఇరువైపులా మంచిది.

దాచిన తర్వాత పని డ్రైవ్‌లోంచి పాత పెళ్లిని తొలగించేటప్పుడు ఒక జాగ్రత్త. హార్డ్ డిస్క్‌లో డిలీట్ చేసిన ఫైళ్లు, వాటి మీద వేరేవి రాసేదాకా, రికవరీ సాఫ్ట్‌వేర్‌కు దొరికే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. ఫైలు డిలీట్ కాగానే విండోస్ ‘ట్రిమ్’ అనే ఆదేశం పంపుతుంది, డ్రైవ్ ఆ చోటును తుడిచేస్తుంది. రీసైకిల్ బిన్ ఖాళీ అయ్యాక తిరిగి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి డిలీట్ నొక్కే ముందు రెండు డిస్క్‌లనూ విడివిడిగా తగిలించి, ఫోల్డర్ సైజు మాత్రమే చూసి ఊరుకోకుండా, కార్డుకో క్లిప్పు చొప్పున తెరిచి మధ్యలోంచి ఒక నిమిషం నడిపి చూడాలి.